చలి దేశాల్లో పెంపుడు తాబేలు: వెచ్చదనం, ఆరోగ్యం

నిర్వచనం, పరిధి

నేల తాబేళ్లు టెస్టుడినిడే కుటుంబానికి చెందిన సరీసృపాలు. ఇవి నీటిలో ఉండవు, నేల మీదే బతుకుతాయి. ఎక్కువగా ఆకులు, గడ్డి, పూలు తింటాయి. వెచ్చని ప్రాంతాల్లో పుట్టిన ఈ జంతువులను చలి ఎక్కువగా ఉండే దేశాల్లో పెంచేటప్పుడు వేడి, వెలుతురు, తిండి, నీరు, శీతనిద్ర ఎలా సమకూర్చాలన్నది ఈ వ్యాసంలోని విషయం. చెరువు తాబేళ్ల, నది తాబేళ్ల పెంపకం ఇందులోకి రాదు.

ఉదాహరణకు తీసుకున్న దేశం బ్రిటన్. మధ్యధరా ప్రాంతపు తాబేళ్లను చల్లని, తేమ నేలలో పెంచిన అనుభవం అక్కడ రెండు శతాబ్దాలకు పైగా రాతలో నిలిచి ఉంది. అక్కడి పద్ధతులు కెనడాకు, ఉత్తర ఐరోపాకు, అమెరికా ఉత్తర రాష్ట్రాలకు కొద్దిపాటి మార్పులతో పనికొస్తాయి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఇవ్వడమైంది.

శరీర ఉష్ణోగ్రత

తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఎండలోకి వచ్చి వేడెక్కుతుంది, నీడలోకో మట్టిలోకో జరిగి చల్లబడుతుంది. మధ్యధరా తాబేళ్లు పగటి పూట తమ ఒంటిని సుమారు 30 డిగ్రీల దగ్గర నిలుపుకోవడానికి చూస్తాయి. తిండి అరగడం, రోగనిరోధక శక్తి పనిచేయడం, మూత్రపిండాలు వ్యర్థాలను బయటికి పంపడం, అన్నీ ఆ వేడి మీదే ఆధారపడతాయి. ఆకుల్లోని పీచు పెద్దపేగులో సూక్ష్మజీవుల చేత పులిసి అరగాలి. ఆ సూక్ష్మజీవులకూ వేడి కావాలి.

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఒక్కొక్క పనీ ఆగిపోతుంది. 20కి దిగువన ఆకలి మందగిస్తుంది. 15 దగ్గర జంతువు నడుస్తుంది, కళ్లు తెరిచి చూస్తుంది, ఒక్కోసారి ఆకు కూడా కొరుకుతుంది. తిన్నది మాత్రం సరిగా అరగదు. 10కి దిగువన కదలిక దాదాపు ఆగిపోతుంది. 5 దగ్గర శీతనిద్ర సాగుతుంది. సున్నాకు దిగితే కణజాలంలో నీరు గడ్డకడుతుంది. ముందుగా దెబ్బతినేవాటిలో కళ్లు ఉంటాయి. గడ్డకట్టే చలికి గురై చూపు పోయిన తాబేళ్లు పశువైద్యులకు తెలిసినవే. పై అంచున 40 దాటితే ప్రాణాపాయం.

ఈ కొలతల్లో పెంపకందారు బాగా గుర్తుంచుకోవలసిన భాగం 10కి 18కి మధ్యది. అటు నిద్రపోవడానికి అది చాలినంత చల్లన కాదు, ఇటు తిండి అరగడానికి చాలినంత వెచ్చనా కాదు. ఇంట్లో ఓ మూల, వేడి చేయని గది, గ్యారేజీ, బ్రిటన్‌లో మేఘాలు కమ్మిన వేసవి రోజు, ఇవన్నీ ఈ హద్దుల్లోకే వస్తాయి. తాబేలు మెలకువగా ఉండి, ఒంట్లోని నిల్వలు ఖర్చు చేస్తూ, తిరిగి నింపుకోలేక వారాల తరబడి నీరసిస్తుంది. గడ్డకట్టే చలి చేసే హాని వెంటనే కనిపిస్తుంది. ఈ నడిమి చలి చేసే హాని నెలల తర్వాత గాని బయటపడదు. చలి దేశాల్లో పెంపకంలో వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

చరిత్ర

ఇంగ్లండ్‌లో పెంపుడు తాబేళ్ల ప్రస్తావన 17వ శతాబ్దం నుంచి ఉంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం లాడ్ పెంచిన తాబేలు ఆయన పోయాక కూడా చాలాకాలం లాంబెత్ ప్యాలెస్ తోటలో బతికి 1753లో చనిపోయిందని చెబుతారు.

శాస్త్రీయంగా గమనించి రాసిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ గిల్బర్ట్ వైట్‌ది. హాంప్‌షైర్ కౌంటీలోని సెల్బర్న్ గ్రామంలో ఉన్న ఈ ప్రకృతి పరిశీలకుడి మేనత్త రెబెకా స్నూక్ ససెక్స్‌లోని రింగ్మర్‌లో ఒక తాబేలును పెంచేది. ఆమె మరణించాక 1780 మార్చిలో వైట్ దాన్ని శీతనిద్రలో ఉండగానే నేలలోంచి తవ్వి తీసి, గుర్రపు బండిలో సుమారు 80 మైళ్లు తెచ్చుకున్నాడు. అది నవంబరులో మట్టిలోకి దిగడం, ఏప్రిల్‌లో పైకి రావడం, వానంటే భయపడటం, ఎండ ఏటవాలుగా పడే రోజుల్లో చిప్పను గోడకు ఆనించి వాల్చి ఎక్కువ వేడి పట్టుకోవడం ఆయన రాసిపెట్టాడు. ఈ చివరి గమనింపు నేటికీ పెరటి ఏర్పాట్లకు ఆధారం. ఆయన గ్రంథం ‘ది నేచురల్ హిస్టరీ ఆఫ్ సెల్బర్న్’ 1789లో వెలువడింది. తిమోతి అనే ఆ తాబేలు యజమాని పోయిన మరుసటి ఏడాది, 1794లో మరణించింది. దాని చిప్ప లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. మగపేరు పెట్టుకున్న తిమోతి నిజానికి ఆడది.

20వ శతాబ్దంలో ఇది సంపన్నుల తోటల ముచ్చటగా ఉండటం పోయి సంత సరకుగా మారింది. ఉత్తర ఆఫ్రికా, టర్కీ, బాల్కన్ దేశాల నుంచి అడవి తాబేళ్లను లక్షల్లో పట్టి ఓడల్లో తెచ్చి చవగ్గా అమ్మారు. వాటిలో అత్యధిక భాగం మొదటి ఒకటి రెండు శీతాకాలాలు దాటలేదు. టమాటా, లెట్యూస్ పెట్టి, వేసవంతా పచ్చిక మీద వదిలి, శరత్తులో గడ్డి నింపిన పెట్టెలో పెట్టడమే అప్పటి పెంపకం. బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’లో ఏటా తాబేలును పెట్టెలో నిద్రపుచ్చడం చూపించేవారు. దాంతో శీతనిద్ర ఇంటింటికీ తెలిసిన మాటైంది. 1976లో తాబేళ్ల సంరక్షణ కోసం బ్రిటిష్ కెలోనియా గ్రూప్ ఏర్పడింది. 1980లో పశువైద్యుడు ఆలిఫంట్ జాక్సన్ తాబేలు పొడవుకు బరువుకు ఉండవలసిన నిష్పత్తిని ప్రచురించాడు. నిద్రపుచ్చేముందు జంతువు ఆరోగ్యాన్ని అంకెతో తూచే పద్ధతి అలా మొదలైంది. 1984లో ఐరోపా సముదాయం అడవి నుంచి పట్టిన మధ్యధరా తాబేళ్ల వ్యాపార దిగుమతిని ఆపింది. నేడు అమ్ముడయ్యేవి చాలావరకు పెంపకంలో పుట్టినవి.

జాతులు

చలి దేశాల పెంపకంలో ప్రధానమైనవి నాలుగు.

*గ్రీకు తాబేలు, టెస్టుడో గ్రేకా.* పేరులో గ్రీసు ఉన్నా దీని విస్తృతి మొరాకో నుంచి ఇరాన్ దాకా ఉంది. తొడల వెనుక చిన్న ముళ్లలాంటి పొలుసులుంటాయి. ప్రాంతాన్ని బట్టి స్వభావం చాలా మారుతుంది. ఉత్తర ఆఫ్రికా తీరంలోని కొన్ని రకాలు శీతనిద్రకు సరిగా అలవాటుపడవు. కనుక ఈ జాతిలో జంతువు ఏ ప్రాంతపుదో తెలియకుండా నిద్రపుచ్చడం ప్రమాదం.

*హెర్మన్ తాబేలు, టెస్టుడో హెర్మానై.* స్పెయిన్ నుంచి బాల్కన్ల వరకు ఉంటుంది. తోక కొసన కొమ్ములాంటి గోరు గుర్తు. బ్రిటన్ వాతావరణానికి మిగతావాటి కన్నా బాగా నిలుస్తుంది.

*మార్జినేటెడ్ తాబేలు, టెస్టుడో మార్జినాటా.* గ్రీసుకు చెందినది. ఈ ప్రజాతిలో ఇదే పెద్దది. ఎదిగినదాని చిప్ప వెనుక అంచు లంగా కుచ్చిళ్లలా విప్పారుతుంది.

*హార్స్‌ఫీల్డ్ తాబేలు, టెస్టుడో హార్స్‌ఫీల్డీ.* మధ్య ఆసియా మెట్టలది. ముందుకాళ్లకు నాలుగే గోళ్లు. కజకస్తాన్ ఎండు మైదానాల్లో వసంతంలో కొద్ది నెలలే బయట తిరిగి, మిగతా కాలం బొరియలో గడుపుతుంది. గట్టి చలిని తట్టుకుంటుంది గానీ తడిని తట్టుకోదు. ఈ జాతివి రెండు తాబేళ్లు 1968 సెప్టెంబరులో సోవియట్ నౌక జోండ్-5లో చంద్రుణ్ణి చుట్టి సజీవంగా తిరిగివచ్చాయి.

నక్షత్ర తాబేలు, ఆఫ్రికా చిరుత తాబేలు, సల్కాటా, దక్షిణ అమెరికా ఎర్రకాళ్ల తాబేలు ఉష్ణమండలానివి. వీటికి శీతనిద్ర లేదు. చలిలో పెట్టెలో పెడితే చచ్చిపోతాయి. జాతిని సరిగా గుర్తుపట్టడం పెంపకంలో మొదటి పని.

ఇంట్లో వేడి ఏర్పాటు

గది మొత్తాన్ని 30 డిగ్రీలకు తేవడం సరికాదు. ఒక చివర వేడి, మరో చివర చల్లన ఉండేలా అమర్చి, ఎక్కడ ఉండాలో జంతువుకే వదలాలి. దీపం కింద నేల మట్టంలో 30 నుంచి 35, చల్లని చివర 20 దరిదాపుల్లో ఉంటే చాలు. ఎదిగిన మధ్యధరా తాబేళ్లకు రాత్రి 15 దాకా దిగినా నష్టం లేదు. ఆ తగ్గుదల వాటి పుట్టినచోట ఉన్నదే. పగలు 12 నుంచి 14 గంటలు దీపం వెలగాలి. టైమర్ ఉంటే మనిషి మరపు వల్ల తేడా రాదు.

వేడి పైనుంచి రావాలి. ఎండ పైనుంచే వస్తుంది గనుక తాబేలు వీపుకు తగిలే వేడినే గుర్తిస్తుంది. కింద పరిచే హీట్ మ్యాట్లు, వేడి రాళ్లు పొట్ట చిప్పను కాల్చినా అది తప్పుకోదు. వెడల్పుగా పరుచుకునే హాలోజెన్ ఫ్లడ్ దీపం మంచిది. సన్నటి స్పాట్ దీపం వీపు మధ్యలో ఒకేచోటును కాల్చి ఎండబెడుతుంది. రాత్రి వేడి అవసరమైతే వెలుతురు ఇవ్వని సెరామిక్ హీటర్‌ను థర్మోస్టాట్‌తో వాడాలి. దీపపు హోల్డర్ సెరామిక్‌ది అయి ఉండాలి, దాన్ని గొలుసుతో గట్టిగా కట్టాలి. ఎండుగడ్డి మీద ఊడిపడిన దీపం ఇల్లు తగలబెట్టగలదు.

పైన తెరిచి ఉండే చెక్క బల్లపెట్టె గాలికి మంచిది. కానీ చల్లని ఇంట్లో వేడిని నిలపదు, తేమను అసలే నిలపదు. పిల్ల తాబేళ్లకు పాక్షికంగా మూసిన పెట్టె మేలు. అడుగున మట్టి, కొబ్బరి పీచు కలిపి కనీసం 10 సెంటీమీటర్లు వేయాలి. పిల్ల అందులోకి దూరి పడుకుంటుంది. 2003లో వియన్నా పరిశోధకులు వీస్నర్, ఇబెన్ సల్కాటా పిల్లల మీద చేసిన అధ్యయనంలో, చిప్ప మీద గుబ్బలు లేవడానికి మాంసకృత్తుల కన్నా గాలిలో తేమ తక్కువ కావడమే పెద్ద కారణమని తేలింది. హీటర్లు తిరిగే శీతాకాలపు ఇల్లు ఎడారి కన్నా పొడిగా ఉండవచ్చు.

అతినీలలోహిత కాంతి

వేడితో సమానంగా కావలసింది 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-బి కాంతి. చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ దీన్ని గ్రహించి ఒక పూర్వరూపంగా మారుతుంది, అది ఒంటి వేడికి డి3 విటమిన్ అవుతుంది. రెండో మెట్టుకు వేడి తప్పనిసరి. అంటే చల్లగా ఉన్న తాబేలుకు యూవీ దీపం ఒక్కటే పెట్టినా పూర్తి ఫలితం రాదు. డి3 లేకపోతే తిండిలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టదు.

కిటికీ అద్దం యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి కిటికీ పక్క ఎండ లెక్కలోకి రాదు. బ్రిటన్ అక్షాంశంలో అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరుబయట ఎండలోనూ అది నామమాత్రమే. ఇంట్లో టీ5 ఫ్లోరొసెంట్ ట్యూబును వేడి దీపం పక్కనే అమర్చాలి. వెలుగు మామూలుగా కనిపిస్తున్నా యూవీ శక్తి కాలక్రమంలో తగ్గిపోతుంది. తయారీదారు చెప్పిన గడువు ప్రకారం, చాలావాటికి ఆరు నెలల నుంచి ఏడాదిలో, మార్చాలి. యూవీ సూచిక కొలిచే మీటరు ఉంటే ఊహతో పనిలేదు.

ఆరుబయట పెంపకం

వీలైనన్ని నెలలు బయటే ఉంచడం ఎదిగిన తాబేలుకు మంచిది. దక్షిణం వైపు వాలు, నీరు నిలవని నేల, వేడి పట్టే బండలు, గాలికి అడ్డు, ఇవన్నీ ఉన్న చోటు ఎంచుకోవాలి. అయితే మేఘాల వేసవిలో బయటి ఆవరణ ఒక్కటే చాలదు. అందులోనే చిన్న గ్రీన్‌హౌస్ లేదా రెండు పొరల పాలీకార్బొనేట్ కప్పు ఉన్న కోల్డ్ ఫ్రేమ్ పెట్టి, లోపల దీపం, ట్యూబ్ హీటర్ బిగిస్తే జంతువు తెల్లవారగానే వేడెక్కి మేతకు బయటికి వస్తుంది. బయటి ఉష్ణోగ్రత 14 ఉన్నరోజు కూడా ఇలాంటి ఇల్లున్న తాబేలు మామూలుగా తిని అరిగించుకోగలదు. వసంతంలోనూ శరత్తులోనూ నడిమి చలిని దాటించేది ఇదే. చలి దేశంలో ఒకే ఒక్క ఖర్చు పెట్టగలిగితే దీని మీదే పెట్టాలి. ఎండ కాసిన రోజు అదే గ్రీన్‌హౌస్ 40 దాటుతుంది గనుక తానంతట తెరుచుకునే గాలికిటికీ, లోపల నీడ ఉండాలి.

హార్స్‌ఫీల్డ్ తాబేలు కంచె కింద తవ్వి పారిపోతుంది. పలకలను నేలలోకి దింపాలి. నక్కలు, బ్యాడ్జర్లు, కుక్కలు, ఎలుకలు శత్రువులు. నిద్రలో ఉన్న తాబేలు కాళ్లను ఎలుకలు కొరికేస్తాయి.

బయట పెట్టిన గుడ్లు బ్రిటన్ మట్టి వేడికి సాధారణంగా పిల్లలు కావు. ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. హెర్మన్ తాబేలులో సుమారు 31.5 డిగ్రీలకు దిగువ మగవి, పైన ఆడవి ఎక్కువగా పుడతాయి.

ఆహారం, నీరు

పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, భాస్వరానికి కనీసం రెండింతల కాల్షియం: ఇదీ ఆహార సూత్రం. డాండెలైన్, ప్లాంటెయిన్, సో థిసిల్, క్లోవర్, మాలో వంటి కలుపు మొక్కలు బ్రిటన్ తోటల్లో ఉచితంగా దొరుకుతాయి. మందార ఆకులు, పూలు, ముళ్లు తీసిన నాగజెముడు రెమ్మలు కూడా మంచివే. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక తరచూ పెట్టకూడదు. పండ్లలోని చక్కెర పేగులోని సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొడుతుంది. కుక్క ఆహారం, మాంసం, పాలు, బ్రెడ్డు అసలు పనికిరావు. కాల్షియం కార్బొనేట్ పొడి చల్లడం, కటిల్ ఫిష్ ఎముక అందుబాటులో ఉంచడం ఆనవాయితీ.

వెచ్చని నీటిలో గడ్డం దాకా మునిగేలా 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే తాబేలు తాగుతుంది, మూత్రం పోస్తుంది. పిల్లలకు రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడు సార్లు చేయించాలి. నీరు చాలకపోతే యూరేట్లు గట్టిపడి మూత్రాశయంలో రాళ్లవుతాయి.

శీతనిద్ర

*ముందు పరీక్ష.* ఆరోగ్యంగా, తగిన బరువుతో ఉన్న, నిద్రపోయే జాతి తాబేలునే నిద్రపుచ్చాలి. వేసవి చివరే పశువైద్యుడికి చూపించి, మలంలో పురుగులకు పరీక్ష చేయిస్తే చికిత్సకు వ్యవధి ఉంటుంది. జాక్సన్ నిష్పత్తి గ్రీకు, హెర్మన్ తాబేళ్లకే వర్తిస్తుంది. ఆకారం వేరైన హార్స్‌ఫీల్డ్, మార్జినేటెడ్ తాబేళ్లను దానితో తూచకూడదు. జబ్బుచేసినదాన్ని, బక్కదాన్ని ఆ ఏడు వెచ్చగా మెలకువతో ఉంచాలి. వెచ్చగా అంటే పూర్తి వేడితో, పూర్తి వెలుతురుతో అని.

*కడుపు ఖాళీ చేయడం.* పరిమాణాన్ని బట్టి రెండు నుంచి నాలుగు వారాలు తిండి ఆపి, వేడిని వెంటనే తగ్గించకుండా, స్నానాలు కొనసాగించాలి. పేగులో మిగిలిన మేత చల్లబడితే కుళ్లుతుంది. తర్వాత దీపం గంటలు, ఉష్ణోగ్రత మెల్లగా దించాలి.

*నిద్ర స్థలం.* పాత పద్ధతి పెట్టెలో పెట్టె. మధ్యలో ఉష్ణ నిరోధక పదార్థం, లోపల చించిన కాగితం. దీని లోపం బయటి వాతావరణానికి తల ఒగ్గడం. డిసెంబరులో వెచ్చని వారం వస్తే తాబేలు మేలుకుని నిల్వలు కరిగించుకుంటుంది. మంచు రాత్రి వస్తే గడ్డకడుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది విడిగా ఉంచిన ఫ్రిజ్ వాడుతున్నారు. జంతువును పెట్టేముందు కొన్ని వారాలు నడిపి చూసి, 5 డిగ్రీల దగ్గర, అంటే 3కి 7కి మధ్య నిలుస్తోందని థర్మామీటరుతో రూఢి చేసుకోవాలి. రోజూ కాసేపు తలుపు తెరిచి గాలి మార్చాలి. చలిపెట్టెలో ప్రాణిని పెట్టడం కొత్తవారికి క్రూరంగా తోచవచ్చు, కానీ స్థిరమైన చలిని ఇంతకన్నా నమ్మకంగా ఇచ్చే సాధనం ఇంట్లో మరొకటి లేదు.

*గమనింపు.* వారానికోసారి తూచాలి. మొత్తం మీద 10 శాతం బరువు తగ్గితే నిద్ర ఆపాలి. మూత్రం పోసినట్టు కనిపిస్తే ఆ రోజే లేపాలి. నిల్వ ఉన్న నీరు పోయిందంటే ఒంట్లో నీటి కొరత మొదలైనట్టే. పెంపకంలో ఎదిగినవాటికి సాధారణంగా రెండు మూడు నెలలు చాలు. పిల్లలకు కొన్ని వారాలే.

*మేల్కొలుపు.* గదిలోకి తెచ్చి, కొన్ని గంటల్లో దీపం కిందికి చేర్చి, వెచ్చని నీటిలో స్నానం చేయించాలి. మొదట తాగాలి, తర్వాత తినాలి. నిద్ర నుంచి లేచిన తాబేలు రక్తంలో తెల్ల కణాలు తక్కువగా ఉంటాయి గనుక నోటి పుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధులు ఈ దశలోనే పట్టుకుంటాయి. మార్చిలో లేపి పచ్చిక మీద వదిలేయడం పూర్వం చాలా తాబేళ్లను బలిగొంది. వారంలోగా తినకపోతే వైద్యుడికి చూపించాలి.

వ్యాధులు

ముక్కు కారడం, కళ్లు వాయడం ఎక్కువగా మైకోప్లాస్మా, హెర్పిస్ వైరస్ వల్ల వస్తాయి. గ్రీకు తాబేలు లక్షణాలు లేకుండానే హెర్పిస్‌ను మోయగలదు, హెర్మన్ తాబేలుకు అది ప్రాణాంతకం. జాతులను కలిపి పెంచరాదన్న నియమానికి ఇదే ముఖ్య కారణం. తాబేలుకు మనిషిలా విభాజక పటలం లేదు, దగ్గి కఫాన్ని బయటికి తేలేదు. అందుచేత న్యుమోనియా త్వరగా ముదురుతుంది. నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి తీయడం అత్యవసర లక్షణం.

చిప్ప మెత్తబడటం, ముక్కు వంకరగా పెరగడం, కాళ్ల మీద లేవలేకపోవడం ఎముకల జీవక్రియ వ్యాధికి గుర్తులు. వేడి, యూవీ, కాల్షియం మూడూ సరిచేస్తే తప్ప మందు ఒక్కటే నిలబెట్టదు. గుడ్లున్న ఆడ తాబేలుకు వెచ్చని, లోతైన మట్టి దొరకకపోతే పెట్టలేక కడుపులోనే నిలుపుకుంటుంది. పేగు పురుగులకు సాధారణంగా ఫెన్‌బెండజోల్ వాడతారు. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. అది ఎన్నడూ ఇవ్వకూడదు.

తాబేళ్లు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తాయి. ముట్టుకున్నాక చేతులు కడగాలి. ఈ కారణంగానే 1975లో అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల కన్నా చిన్న చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

ఆయుర్దాయం, చట్టం

మధ్యధరా తాబేలు 50 ఏళ్లు దాటడం సాధారణం. క్రిమియా యుద్ధకాలపు ఓడ మీద పెంపుడు జంతువుగా ఉండి, తర్వాత డెవన్‌లోని పౌడర్‌హామ్ కోటలో బతికిన మరో తిమోతి 2004లో చనిపోయేనాటికి సుమారు 160 ఏళ్లదని అంచనా. ఇదీ ఆడదే. కొనేవారు తమ తర్వాత ఎవరు చూస్తారో ముందే నిర్ణయించుకోవాలి.

నేల తాబేళ్ల జాతులన్నీ వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్యలోనూ గ్రీకు, హెర్మన్, మార్జినేటెడ్ తాబేళ్లను అమ్మాలంటే ధ్రువపత్రం ఉండాలి. కొనేవారు దాన్ని అడిగి తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ మెట్ట పొదల్లో సహజంగా ఉండే నక్షత్ర తాబేలు పెంపుడు తాబేళ్ల వ్యాపారానికి బాగా బలైన జాతుల్లో ఒకటి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో భక్తులు చూసే తాబేళ్లు ఈ జాతివే. 2019లో ఇది సైటిస్ మొదటి అనుబంధంలో చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో చేసిన సవరణతో మొదటి షెడ్యూలులోకి వచ్చింది. భారతదేశంలో దీన్ని పట్టడం, కొనడం, ఇంట్లో పెంచడం, దేశం దాటించడం నేరం. విదేశాల్లో ఉన్న బంధువుల కోసం తీసుకెళ్లడం కూడా ఇందులోకే వస్తుంది. ఎక్కడైనా ఈ తాబేలు దొరికితే ఇంటికి తీసుకుపోకుండా దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి తెలపాలి.